తుంగభద్రలో పిల్లలతో లూర్ గాలం: కొర్రమీనుకు ఏది, వాలుగకు ఏది?

హంద్రీగట్టు (కర్నూలు):
ఆదివారాలు పిల్లలిద్దరితో (9, 12 ఏళ్లు) సుంకేసుల బ్యారేజీకి దిగువన తుంగభద్ర ఒడ్డున గాలం వేస్తున్నాం. ఎర్రలు, పిండి లేకుండా లూర్లతోనే (చేపలా, కప్పలా కనిపించే ఉత్తుత్తి ఎరలు) పట్టాలని ఉంది. 7 అడుగుల మీడియం రాడ్, 2500 సైజు రీలు, 20 పౌండ్ల బ్రెయిడ్ (అల్లిన దారం), త్రిబుల్ హుక్ (మూడు ముళ్ల గాలం) ఉన్న 10, 15 గ్రాముల స్పూన్లు (చెంచాలాంటి లోహపు లూర్లు) ఉన్నాయి. మూడు వారాలుగా స్పూన్ రాళ్లలోనో నాచులోనో ఇరుక్కోవడమే. కొర్రమీను పైకొచ్చి గుటక వేయడం కనబడుతోంది, ఒక్కటీ కొట్టడం లేదు. జిలేబి (తిలాపియా) కాకుండా మన నది చేపలకు ఏ లూర్ వేయాలి, ఎట్లా లాగాలి? చిన్నోడి చేతికి ఏది ఇవ్వొచ్చు?

నాచుమడుగు:
అన్నా, గుటక వేసేది వేటకు కాదు, గాలికి. కొర్రమీను మొప్పలతోనే బతకలేదు, కాసేపటికోసారి పైకి రాక తప్పదు. కాబట్టి గుటక చేప ఎక్కడుందో చెబుతుంది, ఆకలిగా ఉందో లేదో చెప్పదు. అది ఉండేది నాచు, తుంగ, గుర్రపుడెక్క అంచున, మోకాటి లోతు నుంచి నడుము లోతు వరకు. అక్కడ త్రిబుల్ హుక్ వేస్తే నాచే వస్తుంది. బోలుగా ఉండే రబ్బరు కప్ప కావాలి: 4-5 సెం.మీ. పొడవు, 8-12 గ్రాముల బరువు, రెండు ముళ్లూ పైకి తిరిగి వీపుకు ఆనుకుని ఉండేది.

కొనేటప్పుడు రెండు వేళ్లతో నొక్కి చూడండి. తేలిగ్గా అణిగి ముళ్లు బయటపడాలి. గట్టి రబ్బరైతే చేప నోట పట్టి ఉమ్మేస్తుంది, ముల్లు గుచ్చుకోదు. మొనలు మరీ ఒంట్లోకి దిగి ఉంటే ప్లయర్‌తో రెండు మిల్లీమీటర్లు బయటికి వంచండి.

గుటక పడిన చోట నెత్తిన వేయొద్దు, బెదిరి పోతుంది. వలయానికి మీటరు అవతల వేసి, అలలు సద్దుమణిగాక చిన్న చిన్న కుదుపులతో దాని మీదుగా తేవాలి. నాచు మధ్య ఖాళీ కనిపిస్తే మూడు నాలుగు సెకన్లు ఆపండి. దెబ్బ ఎక్కువగా అక్కడే పడుతుంది.

నీళ్లు దబ్‌మన్న క్షణాన రాడ్ ఎత్తితే కప్ప ఖాళీగా ఎగిరి మొహం మీదికొస్తుంది. కొత్తవాళ్లందరి చేపా పోయేది ఇక్కడే. రాడ్ కొన దించి, దారంలో బరువు తెలిసేదాకా ఆగి, అప్పుడు గట్టిగా ఎత్తాలి. పిల్లలకు "ఒకటి, రెండు, ఎత్తు" అని నేర్పండి. కొన్నిసార్లు వేశాక కప్పలోకి నీళ్లు చేరి తోక మునుగుతుంది, పిండేసి మళ్లీ వేయండి. నాచులో 20 పౌండ్లు చాలదు. 40 పౌండ్ల బ్రెయిడ్ నేరుగా కప్పకే కట్టండి, లీడర్ (లూర్‌కు ముందు కట్టే వేరే దారం ముక్క) అక్కర్లేదు.

పెన్నాగట్టు (కడప):
నాచులో అది నిజమే. రాళ్లలో మాత్రం బ్రెయిడ్ రాపిడికి తేలిగ్గా తెగుతుంది. అక్కడ 60 సెం.మీ. నైలాన్ లీడర్ తప్పనిసరి: స్పూన్‌కు 0.40 మి.మీ., వాలుగకైతే 0.60. వాలుగ పళ్లు చిన్నవే గానీ ఆకురాయిలా దారాన్ని అరగదీస్తాయి.

వాలుగ ఉండేది బండల కింది లోతు మడుగుల్లో, కదిలేది పొద్దుగూకాక. 10-12 సెం.మీ. మిన్నో లూర్‌ను (చిన్న చేప ఆకారంలోది) నెమ్మదిగా, ఒకే వేగంతో లాగండి. ప్రపంచవ్యాప్తంగా ముప్పు ఉన్న జాతుల జాబితాలో ఉన్న చేప అది. ఫొటో తీసుకుని తడి చేతులతో వదిలేయండి. నోట్లో వేలు పెట్టొద్దు.

స్పూన్ రాళ్లలో పడితే రాడ్‌తో గుంజొద్దు, ఇంకా లోపలికి దిగుతుంది. దారం బిగించి, వింటినారిలా వేళ్లతో లాగి టక్కున వదలండి. నాలుగైదు సార్లకు చాలావరకు ఊడుతుంది. ఊడకపోతే పక్కకు నడిచి ఎదురు దిక్కు నుంచి లాగండి. బ్రెయిడ్‌ను చేతికి చుట్టుకోవద్దు, చర్మం కోస్తుంది. కట్టెకు చుట్టి లాగండి.

డ్రాగ్ (చేప గుంజితే రీలు దారం వదిలే బిగువు) సరిచూడటానికి 2 లీటర్ల నీళ్ల సీసా కట్టి రాడ్‌తో ఎత్తండి. సీసా లేస్తూ లేస్తూ దారం జారాలి. 20 పౌండ్లకు అది సరిపోతుంది.

తీరంచూపు:
పిల్లలున్నారు కాబట్టి రెండు మాటలు. బ్యారేజీ గేట్ల కింద బండల మీదికి దిగొద్దు, నీళ్లు వదిలితే వెనక్కొచ్చే దారి మునుగుతుంది. ఇసుక తవ్విన గుంతలు పైకి కనబడవు, మోకాటి లోతు అనుకున్న చోటే నిలువు లోతు ఉంటుంది. తుంగభద్రలో మొసళ్లూ ఉన్నాయి. పిల్లలు ఒడ్డు మీదే, లైఫ్ జాకెట్‌తో, టోపీ, కళ్లద్దాలతో నిలబడాలి. ఇద్దరి మధ్య రెండు రాడ్ల దూరం ఉండాలి.

జెల్ల, ఇంగిలాయి పడితే చేత్తో పట్టనివ్వొద్దు. రెక్కల ముళ్లు గుచ్చితే సలుపు భరించలేరు. చెయ్యి కాలనంత వేడినీళ్లలో అరగంట ఉంచితే తగ్గుతుంది, ఆ తర్వాత డాక్టరు దగ్గరికి.

ఇంకొకటి, నాకు అన్నిటికంటే ముఖ్యమైనది. తొలకరి తర్వాత నీళ్లపైన ఎర్రటి నారింజ రంగు కొర్రమీను పిల్లలు గుంపుగా కుతకుతమంటూ కనబడితే, కింద తల్లో తండ్రో కాపలా ఉంటుంది. రబ్బరు కప్ప తన పిల్లల దగ్గరికొచ్చిందని కోపంతో వెంటనే కొడుతుంది, అందుకే సులువుగా దొరుకుతుంది. దాన్ని తీస్తే ఆ గుంపును మిగతా చేపలు తినేస్తాయి. అక్కడ గాలం వేయకండి. మీ పిల్లలకు ఆ గుంపును చూపించండి చాలు.

హంద్రీగట్టు (కర్నూలు):
అందరికీ థాంక్స్. ఉన్న స్పూన్లను చిన్నోడికి ఇవ్వొచ్చా?

పెన్నాగట్టు (కడప):
ఇవ్వొచ్చు. నాచు, రాళ్లు లేని ఇసుక ఒడ్డున 10 గ్రాములది ఇవ్వండి. త్రిబుల్ తీసేసి 1/0 సైజు ఒంటి హుక్ వేసి, మొన దగ్గరి ఎదురుముల్లును ప్లయర్‌తో అణచండి. చొక్కాకో చేతికో తగిలినా వెనక్కి సులువుగా వస్తుంది. హుక్ మార్చాక కాళ్ల దగ్గరి నీళ్లలో ఒకసారి లాగి చూడండి. స్పూన్ అటూ ఇటూ ఊగకుండా కట్టెలా వస్తే హుక్ బరువెక్కువైనట్టు, ఒక సైజు తగ్గించండి.