టెంపరేచర్ సెన్సర్ కోడ్ వస్తే రెసిస్టర్ పెట్టి బండి నడపొచ్చా?

క్వారీ బండి:
చీమకుర్తి దగ్గర గ్రానైట్ క్వారీలో నా 20 టన్నుల పొక్లెయిన్ నడుస్తోంది. పొద్దున బాగానే ఉంటుంది. ఎండెక్కాక బండ కదిలించే పనిలో ఉండగా హీట్ లైటు వెలిగి బజర్ మోగుతుంది, పవర్ పడిపోతుంది. కాసేపు ఆపితే మళ్లీ మామూలే. డిస్‌ప్లేలో ఎస్‌పీఎన్ 110, ఎఫ్‌ఎంఐ 3 అని పడుతోంది. మెకానిక్ చూసి "సెన్సర్ పోయింది, కొత్తది రావాలంటే మూడు రోజులు. అందాకా కనెక్టర్‌లో 330 ఓముల రెసిస్టర్ పెట్టిస్తా, నడుపుకోండి" అంటున్నాడు. బండి గంటల బాడుగ మీద ఉంది, ఆగితే నష్టం నాకే. పెట్టించుకోవాలా వద్దా?

స్పానర్ సెట్టు:
పెట్టించుకోండి. ఎస్‌పీఎన్ ఎక్కడ తేడానో చెప్తుంది, ఎఫ్‌ఎంఐ ఏం తేడానో చెప్తుంది. 110 అంటే కూలెంట్ టెంపరేచర్, ఇంజన్ నీళ్ల వేడి. ఎఫ్‌ఎంఐ 3 అంటే సెన్సర్ లైన్లో ఓల్టేజ్ ఎక్కువ. అంటే వైరో సెన్సరో తెగింది, ఇంజన్ వేడెక్కలేదు. బాగున్న ఇంజన్‌ను కంప్యూటర్ అనుమానించి పవర్ కోస్తోంది, అంతే. కంప్యూటర్లు లేని రోజుల్లో నీళ్లు చూసుకుంటూ ఎన్ని బండ్లు నడవలేదు? ఆపరేటర్‌కి కళ్లున్నాయి, ముక్కుంది.

కరీంనగర్ టు దోహా:
వద్దన్నా. చాలా సెన్సర్లకు 330 ఓములంటే 80 డిగ్రీల లెక్క. రెసిస్టర్ పెట్టినంక ఈసీఎంకు, అంటే ఇంజన్ కంప్యూటర్‌కు, పొద్దుందాక 80 డిగ్రీలే. రేడియేటర్‌ల నీళ్లు అయిపోయినా 80, బెల్టు తెగినా 80. ఫ్యాన్ హైడ్రాలిక్ మోటర్‌ది అయితే ఇంకా ఘోరం, ఇంజన్ చల్లగనే ఉందని ఫ్యాన్ మెల్లగ తిప్పుతది. ఎండకు నువ్వే ఇంజన్‌ను ఉడకబెట్టినట్టు. ఉత్తగ కనెక్టర్ పీకి పెట్టినా నయమే, చాలా బండ్లల్ల సెన్సర్ కనబడకుంటే ఫ్యాన్ ఫుల్ స్పీడ్ తిరుగుతది.

స్పానర్ సెట్టు:
తమ్ముడూ, కనెక్టర్ పీకితే బజర్ ఆగదు, పవర్ రాదు. ఆ బండితో బండలెట్లా లేపుతాడు? ముందు ఫ్యాన్ బెల్టుదో హైడ్రాలిక్‌దో చెప్పమనండి.

క్వారీ బండి:
హైడ్రాలిక్ మోటారే.

మల్టీమీటర్:
రెసిస్టర్ గొడవ తర్వాత. అసలు సెన్సర్ పోయిందని తేల్చిందెవరు? కోడ్ సర్క్యూట్ పోయిందంటోంది, సెన్సర్ పోయిందని కాదు.

ఈ సెన్సర్ వేడి పెరిగేకొద్దీ రెసిస్టెన్స్ తగ్గే రకం. కంపెనీని బట్టి తేడా ఉంటుంది గానీ, చాలావాటికి 25 డిగ్రీల దగ్గర 2 వేల ఓముల పైచిలుకు, 100 డిగ్రీల దగ్గర 200 లోపు. ఈసీఎం 5 ఓల్టులు పంపి ఎంత మిగిలిందో చూస్తుంది. లైను తెగితే 5 ఓల్టులూ అలాగే ఉంటాయి, అది ఎఫ్‌ఎంఐ 3. వైరు బాడీకి తగిలితే సున్నాకి పడుతుంది, అది 4. నిజంగా ఇంజన్ కాలితే 0 లేదా 16 పడాలి.

ఇంజన్ చల్లారాక కనెక్టర్ విప్పండి. రెండే పిన్నులుంటే హార్నెస్ (వైర్ల కట్ట) వైపు ఆ రెంటినీ చిన్న వైరు ముక్కతో కలిపి కీ ఆన్ చేయండి. మూడో నాలుగో పిన్నులుంటే మాత్రం ముట్టుకోవద్దు, అందులో ప్రెషర్ సెన్సర్ కూడా ఉండొచ్చు. కోడ్ 3 పోయి 4 వస్తే వైరింగ్, ఈసీఎం బాగున్నట్టే, సెన్సర్ మార్చండి. 3 అలాగే ఉంటే ఎన్ని సెన్సర్లు మార్చినా డబ్బు దండగ. పిన్నులు అలా కలిపి ఉంచే, హార్నెస్‌ను పొడవునా ఊపి చూడండి, కదిలించే పనిలోనే వస్తోందన్నారు కాబట్టి నా అనుమానం వైరు మీదే.

ఇంకోటి, జనం పట్టించుకోనిది. కనెక్టర్లో పచ్చగా తుప్పు పట్టి 100 ఓములు అడ్డుపడిందనుకోండి. 100 డిగ్రీల ఇంజన్ డిస్‌ప్లేలో 85 దగ్గర కనిపిస్తుంది. కోడ్ రాదు, బజర్ మోగదు. తెగిన వైరు కనీసం అరుస్తుంది, తుప్పు పట్టిన పిన్ను నోరు మూసుకుని ఇంజన్ హెడ్ పాడు చేయిస్తుంది.

స్పానర్ సెట్టు:
ఇదంతా వర్క్‌షాపులో కుర్చీ వేసుకుని చేసే పని. క్వారీలో లేజర్ గన్ పెట్టి థర్మోస్టాట్ హౌసింగ్ మీద కొట్టి చూస్తే సరి, నిజమైన వేడి తెలిసిపోతుంది.

మల్టీమీటర్:
మెరిసే అల్యూమినియం మీద కొడితే బాగా తక్కువ చూపిస్తుంది గురువు గారూ. నల్ల టేపు ముక్క అంటించి దాని మీద కొట్టండి, అప్పుడు కొంత నమ్మొచ్చు.

కరీంనగర్ టు దోహా:
గిట్ల లేజర్ గన్ రీడింగ్ చూసి బాగుందని పంపినోళ్లను చూసిన. సెన్సర్ బాగున్నా నీళ్లు తగ్గితే దాని మూతి ఆవిరిల ఉంటది, అప్పుడు కూడ తప్పే చూపిస్తది. మొదలు నీళ్లు చూడాలె, అదీ చల్లారినంకనే. ఒక బార్ క్యాప్ ఉంటే 120 డిగ్రీల దాక నీళ్లు మరగవు, వేడి మీద మూత తీస్తే మొత్తం మొఖం మీదికే. ఇగ 0 కోడ్ పడితే సెన్సర్ జోలికి పోకు, రేడియేటర్ చూడు. ఈడ ఇసుక, మీకాడ గ్రానైట్ దుమ్ము. దానికి ఆయిల్ లీకు తోడైతే ఫిన్నుల మధ్య సిమెంటే. ఏసీ కండెన్సర్ ఎనకాల అసలే కనబడది.

క్వారీ బండి:
పొద్దున్నే చూశాం. సెన్సర్ 1,700 ఓములు చూపించింది. పిన్నులు కలిపితే 4 పడింది, వైరు ఊపితే మళ్లీ 3. ఆల్టర్నేటర్ పక్కన క్లాంపు దగ్గర వైరు మీది ట్యూబు ఒరుసుకుపోయి రాగి రెండు మూడు పోగులే మిగిలింది. అతికించి స్లీవ్ వేయించాం, క్లాంపు కింద రబ్బరు పెట్టాం. మధ్యాహ్నం ఎండలో కూడా కోడ్ రాలేదు. సెన్సర్ ఆర్డర్ వెనక్కి తీసుకోమన్నాను, మెకానిక్‌కి కోపం వచ్చింది.

స్పానర్ సెట్టు:
మంచిదే. కానీ వైరు దొరికింది కాబట్టి సరిపోయింది. నిజంగా సెన్సరే పోయి, పాత బెల్టు ఫ్యాన్ బండి అయ్యుంటే, మూడు రోజులు రెసిస్టర్ పెట్టుకోమనే చెప్పేవాణ్ని. ఇప్పుడూ అదే చెప్తా.

కరీంనగర్ టు దోహా:
బెల్టు ఫ్యాన్ అయినా బజర్ సచ్చిపోయినట్టే కదన్నా. పెట్టుడైతే పెట్టు, గని ఇంజన్‌ల నీళ్లు తిరిగే వాటర్ జాకెట్‌కు ఖాళీ ప్లగ్గు ఉంటే తీసి గడియారం లెక్కుండే మెకానికల్ మీటర్ ఒకటి బిగించు. వైరు లేదు, కంప్యూటర్ లేదు, ఆపరేటర్ కండ్ల ముంగట ముల్లు ఉంటది.

స్పానర్ సెట్టు:
మీటర్ పెడితే నాకేం అభ్యంతరం లేదు. ఆ ముల్లు చూసే ఆపరేటర్ని మీరే వెతికిపెట్టండి.