మిలీషియా, హెనీసరో: తెలుగులో ఏమనాలి?

ప్రశ్న: అమెరికాలోని న్యూ మెక్సికో చరిత్ర మీద ఒక వ్యాసం తెలుగులోకి తెస్తున్నాను. 18వ శతాబ్దంలో స్పెయిన్ వలస సరిహద్దు ఊళ్ళని కాపాడిన స్థానిక మిలీషియాకి మంచి మాట చెప్పండి. జెనిజారో అని ఇంకో మాట పదేపదే వస్తోంది, దాన్నేం చేయాలో కూడా.

జవాబు: ముందు ఉచ్చారణ. అది హెనీసరో అండీ, అక్కడి స్పానిష్‌లో అలాగే పలుకుతారు.

ఇక మిలీషియాని అలాగే ఉంచితే మన పేపర్లు చదివేవాళ్ళకి 'మిలీషియా సభ్యుల లొంగుబాటు' వార్తే గుర్తొస్తుంది, దళం అన్నా అదే గొడవ. సైన్యం అసలే కుదరదు. అక్కడి రాజధాని శాంటా ఫే కోటలో జీతం తీసుకునే సైనికులు వంద మంది చుట్టుపక్కలే, అదీ అంత పెద్ద ప్రాంతం మొత్తానికి. కొమాంచీలో అపాచీలో ఏదో ఒక మూలవాసి తెగవాళ్ళు మీదపడి గుర్రాల్ని తోలుకుపోతే వెంటపడాల్సింది ఊళ్ళో రైతులే. గుర్రం సొంతం, ఆయుధం సొంతం, తుపాకి మందుకి ఎప్పుడూ కటకటే కాబట్టి చాలామంది చేతుల్లో ఉండేవి విల్లంబులూ బల్లేలే. తోడుగా ప్యూబ్లో ఊళ్ళ (అంటే ఊళ్ళు కట్టుకుని స్థిరపడ్డ మూలవాసుల) యోధులు వచ్చేవాళ్ళు, చాలా దండయాత్రల్లో స్పానిష్ వాళ్ళకంటే వీళ్ళ సంఖ్యే ఎక్కువ. 1779లో గవర్నర్ ఆన్సా దాదాపు 600 మందితో కొమాంచీ నాయకుడు కుయెర్నో వెర్దే మీదికి వెళ్ళి అతన్ని చంపాడు కదా, అందులోనూ కోట సైనికులు కొద్దిమందే.

అందుకని నా ఓటు 'కట్టుబడి'కి. రాయలసీమలో ఊరి కాపలాకి బదులు ఇనాం భూమి అనుభవించినవాళ్ళు కట్టుబడివాళ్ళు. అక్కడా భూమి ఇచ్చి సరిహద్దులో కూర్చోబెట్టడమే.

ఇంకొకరు: హోంగార్డులు అంటే పోలా?

మరొకరు: కట్టుబడి వద్దండీ. ఆ మాట వినగానే పాలెగాళ్ళు, ఉయ్యాలవాడ నరసింహారెడ్డి గుర్తొస్తారు. పైగా హెనీసరోల కథ వేరు. వాళ్ళు వేర్వేరు తెగల నుంచి చెరపట్టి తెచ్చినవాళ్ళు, వాళ్ళ పిల్లలు. డబ్బో సరుకో ఇచ్చి విడిపించి, ఆ రుణం తీరేదాకా ఇళ్ళల్లో చాకిరీ చేయించేవాళ్ళు. ఆ తర్వాత సొంత భూమి కావాలంటే దొరికేది దాడులు జరిగే అంచునే. అబిక్యూ అలాంటి ఊరే, 1747 దాడి తర్వాత జనం ఖాళీ చేసి వెళ్ళిపోతే 1754లో గవర్నర్ వేలెస్ కాచుపిన్ హెనీసరోలకి అక్కడ భూమి రాసిచ్చాడు. ఇనాం అన్నంత మాత్రాన సరిపోతుందా?

జవాబు: హెనీసరోల విషయంలో మీ మాటే రైటు, దాన్ని అనువదించొద్దు. మన చరిత్ర పుస్తకాల్లో టర్కీ ఒట్టోమన్ సుల్తానుల సైనికులు జానిసరీలు ఉన్నారు చూడండి, అదే మాట. టర్కీ భాషలో యెని అంటే కొత్త, చెరి అంటే సైన్యం. చిన్నప్పుడే ఇంటి నుంచి తెచ్చి తమ కోసం పోరాడించడం రెండుచోట్లా ఉంది కాబట్టి, మొదటిసారి వచ్చినచోట జానిసరీల ప్రస్తావన ఒక్క ముక్క వేస్తే చాలు. 2007లో న్యూ మెక్సికో శాసనసభ వీళ్ళని మూలవాసులుగా గుర్తించింది కూడా, అంటే ఆ పేరుతో ఇప్పటికీ మనుషులున్నారు.

మిగతా రైతులకి మాత్రం 'ఊరి కావలివాళ్ళు' అనండి, కట్టుబడి మీద నేను పట్టుపట్టను. హోంగార్డులకి డ్యూటీ డబ్బులైనా వస్తాయి.