బీట్ మ్యాచింగ్: లయ కలపడమా, దరువు కలపడమా?

విజయనగరం నుంచి ప్రశ్న:
లాప్‌టాప్ మీద డీజే నేర్చుకొనేవాళ్ల కోసం తెలుగులో పాఠాలు తయారవుతున్నాయి. ఒక పాట మోగుతుండగా రెండో పాటను దానితో కలిపి నడిపించడాన్ని బీట్ మ్యాచింగ్ అంటారు కదా, "లయ కలపడం" అని రాస్తే చాలా?

బొబ్బిలి నుంచి:
చాలదు. అందులో పనులు రెండు. మొదటిది వేగం ఒకటి చేయడం, అది లయ. రెండోది దరువు మీద దరువు పడేలా చూడడం. రెండు పాటలూ నిమిషానికి 120 దరువులతోనే నడుస్తున్నా, ఒకటి అర దరువు వెనక మొదలైతే గుర్రం డెక్కల చప్పుడులా జంటగా వినిపిస్తుంది. అక్కడ లయ కలిసింది, దరువు కలవలేదు. ఒకటి 120, రెండోది 121 అయితే మొదట్లో బాగానే ఉంటుంది. అర నిమిషానికి సగం దరువు, నిమిషానికి ఒక పూర్తి దరువు జరిగిపోతుంది. ఈసారి తప్పు లయలో ఉంది.

చేతి పనీ వేరే. దరువు జరిగితే జాగ్ వీల్‌ను, అంటే పాటను కాస్త ముందుకో వెనక్కో జరిపే చక్రాన్ని, కొంచెం తోస్తే చాలు. తోసిన కాసేపటికి మళ్లీ అదే వైపు జారుతుంటే పాట వేగం మార్చే స్లైడర్ కదపాలి. నేర్చుకొనేవాళ్లు ఎక్కువగా తికమక పడేది ఇక్కడే, అందుకే రెండింటికీ ఒకే మాట పెట్టకూడదు. సింక్ బటన్ ఈ రెండు పనులూ ఒక్క నొక్కుతో చేసేస్తుంది కాబట్టి తేడా చెవికి తెలియదు. ముందు అది ఆపి సాధన చేయించండి.

రాజాం నుంచి:
"దరువు కలపడం" మన వైపు చెప్పకుండానే అర్థమవుతుంది. తప్పెటగుళ్లు అనే జానపద నాట్యంలో రొమ్ము మీది తప్పెట దరువుకే అడుగు పడాలి. దానికి తోడు ఇంకోటి కావాలి: ఆవర్తనం (తాళం ఒక చుట్టు) మొదటి దెబ్బ. నాలుగో దరువు మీద ఒకటో దరువు పడితే లయా దరువూ కుదిరినా పాట ఎదురు తిరిగినట్టుంటుంది. ఆ మొదటి దెబ్బకు సంగీతంలో "సమం" అనే మాట ఉండనే ఉంది.

పలాస నుంచి:
ఆరు మాత్రల తీన్‌మార్ దరువులను సాఫ్ట్‌వేర్ తరచూ తప్పు లెక్కిస్తుంది. మూడేసి మాత్రలుగా లెక్కిస్తే 92 వచ్చే పాటను రెండేసిగా లెక్కించి 138 చూపిస్తుంది. మిక్స్ (Mixxx) అనే ఉచిత డీజే సాఫ్ట్‌వేర్‌లో ఆ అంకెను సగం, రెట్టింపు, మూడింట రెండు వంతులు చేసే ఏర్పాటుంది. ఇక్కడ మూడింట రెండు వంతులు చేయాలి. పాఠంలో దీన్ని "తిశ్రం (మూడు లెక్క నడక), చతురశ్రం (రెండు, నాలుగు లెక్క నడక)" అని చెప్తే మృదంగమో డోలో వాయించేవాళ్లు ఇట్టే పట్టుకుంటారు. వాయిద్యకారులు కలిసి కూర్చొని వాయించిన పాత సినిమా పాటలైతే మధ్యలో వేగం కొద్దికొద్దిగా మారుతుంది. వాటికి ఒకే అంకె నమ్మకూడదు, చెవి పెట్టాల్సిందే.

విజయనగరం నుంచి:
మరి స్లైడర్ మీద "పిచ్" అని ఉంటుంది. శ్రుతి అనేయొచ్చా?

బొబ్బిలి నుంచి:
వద్దు. ఆ పేరు రికార్డు ప్లేయర్ నుంచి వచ్చింది. 1979 నాటి టెక్నిక్స్ ఎస్‌ఎల్-1200 ఎమ్‌కె2 లో స్లైడర్ ఎటైనా 8 శాతం వరకు జరుగుతుంది. పళ్లెం వేగం పెరిగితే శ్రుతీ పెరుగుతుంది, దాదాపు 6 శాతానికి ఒక స్వరస్థానం. సాఫ్ట్‌వేర్‌లో కీ లాక్ వేస్తే వేగం మారినా శ్రుతి కదలదు. అందుకని స్లైడర్‌కి "వేగం" అనే రాయండి. కీ లాక్‌ని మాత్రం "శ్రుతి తాళం" అనకండి, తాళం అనగానే ఆదితాళం గుర్తొస్తుంది. "శ్రుతి బిగింపు" నయం.

రాజాం నుంచి:
క్యూ పాయింట్‌కి "ఎత్తుగడ" పెట్టండి. పాట ఎక్కడ ఎత్తుకోవాలో అదే చెప్తుంది.