కారే బ్రేకు వేస్తుంటే డ్రైవర్‌కు జాగ్రత్త పెరుగుతుందా, తగ్గుతుందా?

చక్రధారి:
ప్రమాదం ముంచుకొస్తే దానంతట అదే పడే బ్రేకు, గీత దాటితే సరిదిద్దే స్టీరింగు కొత్త కార్లలో మామూలైపోయాయి. ఐరోపా సమాఖ్య అయితే 2024 జులై నుంచి ప్రతి కొత్త కారులోనూ వీటిని తప్పనిసరి చేసింది. నా మటుకు ఇవి డ్రైవర్లను సోమరులను చేస్తున్నాయనే అనిపిస్తోంది. కాదనేవాళ్లు కారణం చెప్పండి.

లెక్కలమాస్టారు:
సోమరులే అయ్యారనుకుందాం. ప్రమాదాలు తగ్గాయా లేదా అన్నది కదా చూడాలి! అమెరికాలో బీమా కంపెనీల నిధులతో నడిచే రహదారి భద్రతా సంస్థ ఐఐహెచ్ఎస్ లెక్క ప్రకారం, ఆటోమేటిక్ బ్రేకు ఉన్న కార్లు ముందు వాహనాన్ని వెనక నుంచి గుద్దడం దాదాపు 50 శాతం తగ్గింది. గంటకు 90 కిలోమీటర్ల వేగంలో రెండు సెకన్లు చూపు పక్కకు తిప్పితే కారు 50 మీటర్లు వెళ్లిపోతుంది. ఎంత శ్రద్ధగల డ్రైవరైనా ఆ రెండు సెకన్లు ఏదో ఒక రోజు తిప్పుతాడు.

నిశాచరి:
మాస్టారూ, అది కారుకూ కారుకూ మధ్య లెక్క. రాత్రిపూట రోడ్డు దాటే మనిషి సంగతేమిటి? అమెరికన్ ఆటోమొబైల్ అసోసియేషన్ 2019లో పరీక్షించిన కార్లు చీకట్లో పాదచారిని గుర్తించడంలో విఫలమయ్యాయి. రాత్రి కూడా గుర్తించి తీరాలని అమెరికా ప్రభుత్వం 2024లో నిబంధన తెచ్చింది కానీ, ఇచ్చిన గడువు 2029 సెప్టెంబరు!

చక్రధారి:
నేననేదీ అదే. 2018లో కాలిఫోర్నియాలో ఆటోపైలట్ (స్టీరింగునూ వేగాన్నీ కారే చూసుకునే ఏర్పాటు) మీద వెళ్తున్న టెస్లా కారు హైవే డివైడర్‌ను ఢీకొని డ్రైవర్ చనిపోయాడు. అతని ఫోనులో ఆ సమయంలో గేమ్ నడుస్తోందని దర్యాప్తులో తేలింది.

పాతస్టీరింగు:
మీరిద్దరూ వేర్వేరు వస్తువుల గురించి పోట్లాడుకుంటున్నారు. ఆటోమేటిక్ బ్రేకు ఏ ఆరు నెలలకో ఒకసారి పలుకుతుంది. దాన్ని నమ్ముకుని ఎవరూ ఫోను తీయరు. స్టీరింగునూ వేగాన్నీ రెంటినీ తన చేతిలోకి తీసుకునే వ్యవస్థ, అంటే ఆటోమేషన్‌లో రెండో స్థాయి అనేది, అలా కాదు. గంటల తరబడి చక్కగా నడిపి నమ్మకం కుదిర్చి, చేతకాని చోట ఉన్నట్టుండి వదిలేస్తుంది. బాధ్యత మాత్రం మొదటి నుంచీ డ్రైవర్‌దేనట! చేసే పని తీసేసి కాపలా మాత్రం కాయమంటే ఏ మనిషికైనా ధ్యాస చెదురుతుంది. అది సోమరితనం కాదు. ఐఐహెచ్ఎస్ వాళ్లే 2024లో ఇలాంటి 14 వ్యవస్థలను పరిశీలిస్తే, డ్రైవర్‌ను అప్రమత్తంగా ఉంచే విషయంలో 'మంచిది' అనిపించుకున్నది ఒక్కటీ లేదు. వాటివల్ల ప్రమాదాలు తగ్గాయనడానికి ఆధారం కూడా దొరకలేదన్నారు. మాస్టారు చూపిన 50 శాతాన్ని చూపించి ఈ రెండో సరుకును అమ్ముతున్నారు, నా అభ్యంతరం అక్కడ.

లెక్కలమాస్టారు:
ఒప్పుకున్నాను. అయితే దాన్ని నిషేధించాలంటారా?

పాతస్టీరింగు:
అక్కర్లేదు. డ్రైవర్ కళ్లను గమనించే కెమెరా లేకుండా అమ్మనివ్వకూడదు, అంతే. స్టీరింగు మీద చెయ్యి ఉందా లేదా అని మాత్రమే చూసే ఏర్పాటును చిన్న బరువు కట్టి మోసం చేస్తున్నారు.

నిశాచరి:
కెమెరా అంటే గుర్తొచ్చింది. ముందు అద్దం (విండ్‌షీల్డ్) మారిస్తే దాని వెనక ఉండే కెమెరాను చాలా కార్లలో మళ్లీ కాలిబ్రేట్ చేయించాలి, అంటే దాని గురి సరిచేయించాలి. లేకపోతే అది గీతను ఉన్నచోట కాక మరోచోట చూడవచ్చు. పాత కారు కొనేవాళ్లు ముందు ఆ అద్దం ఎప్పుడైనా మార్చారేమో అడగండి.