తెలియని సీఫుడ్ ప్లేటులోకి వస్తే తినాలా, వద్దా?

సంచారి:
పోయినేడాది ఒక తీరపట్నంలో, ప్లేటులో వచ్చినదాన్ని చూసి చెయ్యి వెనక్కి తీసుకున్నాను. నల్లటి తోలు తొడిగిన వేళ్లలా ఉన్నాయి, ఒక్కోదాని చివర రాయిలాంటి గోరు. అలాంటివి ఓ ముప్పై దాకా పొగలు కక్కుతున్నాయి. నాతో వచ్చినవాళ్లు తోలు ఒలిచి లోపలి కండ తిన్నారు, చాలా బాగుందన్నారు. నేను ముట్టలేదు. అప్పటినుంచి ఇంట్లో ఇదే వాదన. అక్కడివాళ్లంతా తింటుంటే నీకేం భయం అంటారు వాళ్లు. కంటికి నచ్చనిదాన్ని కడుపులోకి ఎందుకు పంపాలంటాను నేను.

వచ్చే నెల ఒక పగడపు దీవికి వెళ్తున్నాం. మొదటి రాత్రి నిప్పుల మీద కాల్చిన పెద్ద బారకుడా పెడతామని బస ఇచ్చేవాళ్లు ముందే మెనూ పంపారు. అది మామూలు చేపే కాబట్టి దాని గురించి టెన్షన్ లేదు. మిగతా రోజుల సంగతే అడుగుతున్నాను. మీరైతే దేన్ని చూసి నిర్ణయించుకుంటారు?

అలలు:
మీరు వదిలేసినవి గూస్‌నెక్ బార్నకిల్స్ అయ్యుంటాయి. స్పెయిన్, పోర్చుగల్ తీరాల్లో అలలు విరుచుకుపడే రాళ్ల మీదినుంచి ప్రాణాలకు తెగించి వాటిని గీరి తెస్తారు. ఉప్పునీళ్లలో కాసేపు ఉడికించి వేడివేడిగా పెడతారు. మంచి తిండిని పోగొట్టుకున్నారు.

రొయ్యను జన్మలో మొదటిసారి చూసేవాడిని ఊహించుకోండి. పొడవాటి మీసాలు, లెక్కలేనన్ని కాళ్లు, బయటికి పొడుచుకొచ్చిన కళ్లు. వాడు పారిపోతాడు. మనకు అలవాటైంది కాబట్టి నోరూరుతుంది, అంతే. తరతరాలుగా తిని బతికినవాళ్ల అనుభవంకన్నా పెద్ద పరీక్ష ఏముంటుంది? అక్కడివాళ్లు తింటే నేనూ తింటాను.

వంటింటి మనిషి:
ఒప్పుకోను అలలు గారూ. అక్కడివాళ్లకు తెలిసింది మనకు తెలియదు, చిక్కంతా అక్కడే ఉంది. ఏ భాగం తీసేయాలి, ఏ కాలంలో మానేయాలి అన్నది వాళ్లకు చిన్నప్పుడే ఒంటబడుతుంది. మనం వెళ్లిన రెండో రోజుకే ఎలా తెలుస్తుంది?

1774 సెప్టెంబరులో ఇంగ్లీషు నావికుడు కెప్టెన్ కుక్ పసిఫిక్ దీవి న్యూ కాలెడోనియాలో ఉన్నప్పుడు ఒక కొత్త రకం చేప దొరికింది. తలకాయ పెద్దగా, వికారంగా ఉందని ఆయనే రాసుకున్నాడు. అయినా ఆ రాత్రి దాని కాలేయం, గుడ్లు వండించి, తనతో ఉన్న ప్రకృతి శాస్త్రవేత్తలు ఫార్‌స్టర్ తండ్రీకొడుకులతో కలిసి కొంచెం రుచి చూశాడు. తెల్లవారుజాముకల్లా ఒళ్లంతా తిమ్మిరి. నీళ్లు నిండిన గిన్నెకూ, పక్షి ఈకకూ బరువులో తేడా తెలియని స్థితి. ఆ చేప పేగులు తిన్న పంది చచ్చిపోయింది. అది పఫర్, అంటే ఒళ్లు బంతిలా ఉబ్బించే విషపు చేపల జాతిది అనే ఇవాళ అనుకుంటున్నారు. కన్ను వద్దన్నప్పుడు ఆగి ఉంటే ఆ రాత్రి వాళ్లకు ఆ అవస్థే ఉండేది కాదు కదా!

తెలిసినంతవరకు:
ఆ కథలో ఇంకో ముక్క ఉందండి, నాకు అదే ముఖ్యం. మర్నాడు ఓడ ఎక్కిన దీవివాళ్లు అక్కడ వేలాడుతున్న ఆ చేపను చూడగానే, ఇది తినకూడదని సైగలతో చెప్పారు. వాళ్లకు తెలుసు. కుక్ బృందం వండుకునే ముందు వాళ్లను అడగలేదు. ఇక్కడ తప్పు కంటిది కాదు, అడగకపోవడానిది.

నా అనుభవం చెబుతాను. నాకు సీఫుడ్ వల్ల జరిగిన ఒకే ఒక్క ప్రమాదం నాకు బాగా తెలిసిన చేపతోనే. ప్రయాణంలో ఒక చోట ట్యూనా ముక్క తెప్పించుకున్నాను. చక్కగా కాలింది, నిమ్మకాయ పక్కనే ఉంది. మొదటి రెండు ముద్దలకు నాలుక చుర్రుమంది. మిరియాలు ఎక్కువ వేశారనుకుని తినేశాను. అరగంట కాలేదు, చెవులు వేడెక్కాయి, మెడ మీదినుంచి ఛాతీ దాకా ఎర్రగా కమిలింది, గుండె దడదడ. అలర్జీ అనుకుని భయపడి డాక్టరు దగ్గరికి పరుగెత్తాను. అది హిస్టమిన్ విషం. ట్యూనా, కానాగంత లాంటి చేపలను పట్టిన దగ్గరినుంచి చల్లగా ఉంచకపోతే బ్యాక్టీరియా వాటి కండలోనే హిస్టమిన్ తయారుచేస్తుంది. ఆ తర్వాత ఎంత కాల్చినా, ఎంత వేయించినా పోదు. నాది మాత్రలతో తగ్గింది. ఆ చేపను చూసి ఎవరూ అనుమానపడరు, నేనూ పడలేదు.

కంటికి అసలే ఆనని విషం ఇంకోటి ఉంది, సిగ్వాటెరా. పగడపు దిబ్బల దగ్గర నాచును అంటుకుని బతికే సూక్ష్మజీవుల్లో పుడుతుంది. చిన్న చేపలు ఆ నాచు తింటాయి, వాటిని పెద్ద చేపలు తింటాయి, అలా మెట్టుమెట్టుకూ పోగవుతుంది. బారకుడా, మోరే ఈల్, పెద్ద గ్రూపర్, స్నాపర్ చేపల్లో ఎక్కువ. రంగు మారదు, వాసన మారదు, రుచి మారదు. వండితే పోదు, ఐస్‌లో పెట్టినా పోదు. వాంతులు, విరేచనాలు తగ్గాక కూడా పెదాల చుట్టూ తిమ్మిరి, చల్లటి నీళ్లు తగిలితే కాలినట్టు మంట వారాల తరబడి ఉండొచ్చు. ఈగ వాలకపోతే విషమని, వెండి నాణెం నల్లబడితే విషమని కొన్నిచోట్ల నమ్ముతారు. ఆ పరీక్షలేవీ పనిచేయవు.

సంచారి గారూ, మీరు టెన్షన్ లేదన్న చేప ఇదే.

అలలు:
సిగ్వాటెరా పేరు విన్నాను గానీ బారకుడా సంగతి నాకు తెలియదు. థాంక్స్. అయినా నా మాట పూర్తిగా వదులుకోను. మీరు చెప్పిన కుక్ కథ నా వైపే ఉంది. దీవివాళ్లను అడిగి ఉంటే సరిపోయేది.

వంటింటి మనిషి:
ఎప్పుడూ సరిపోదండి. 1987లో గ్వాటెమాలా పసిఫిక్ తీరాన చంపెరికో దగ్గర క్లామ్ గుల్లల సూపు తాగి 187 మందికి జబ్బు చేసింది, 26 మంది చనిపోయారు. పరాయి దేశం నుంచి వచ్చి తెలియక తిన్నవాళ్లు కాదు, ఆ తీరంవాళ్లే. సముద్రంలో విషపు సూక్ష్మజీవులు విపరీతంగా పెరిగినప్పుడు గుల్లలు నీటిని వడగట్టి తింటూ ఆ విషాన్ని లోపల దాచుకుంటాయి. మరిగించినా దిగదు.

1988లో షాంఘైలో సరిగా ఉడకని గుల్లల వల్ల దాదాపు 3 లక్షల మందికి హెపటైటిస్ ఎ వచ్చింది. మురుగు కలిసిన నీళ్లలో పెరిగిన గుల్లలవి. వాళ్లు ఏళ్ల తరబడి ఇష్టంగా తిన్న తిండే. అనుభవం గొప్పదే, కాదనను. నిన్నటిదాకా మంచిదైన నీరు ఈ వారం చెడిపోయిందన్న సంగతి అనుభవం ఎలా చెబుతుంది?

అలలు:
ఈ రెండు సంగతులూ నన్ను ఆపాయి. గుల్లల విషయంలో "వాళ్లు తింటున్నారు కదా" అన్న మాట ఇక వాడను.

తెలిసినంతవరకు:
గుల్లలకు నేను పెట్టుకున్న పద్ధతి వేరు. ఆ తీరంలో ఇప్పుడు ఏరడం మీద నిషేధం ఉందా అని కనుక్కుంటాను. చాలా దేశాల్లో అధికారులు నీటిని, గుల్లలను పరీక్షించి, విషం కనిపిస్తే ఆ ప్రాంతాన్ని మూసేస్తారు. ఎవరో సరదాగా ఒడ్డున ఏరి తెచ్చినవి తినను, ఎంత ప్రేమగా పెట్టినా సరే.

మిగతావాటికి వడ్డించేవాళ్లను పేరు అడుగుతాను. మెనూలో "తెల్ల చేప" అని రాసి ఉంటే ఆ రెండు మాటలతో సరిపెట్టుకోను. ఎస్కోలార్ అనే చేపను కొన్నిచోట్ల తెల్ల ట్యూనా అని అమ్ముతారు. దాని కండలో మన పేగులు అరిగించుకోలేని మైనపు నూనె ఉంటుంది. ఎక్కువ తింటే ఆ నూనె తెలియకుండానే కిందినుంచి కారిపోతుంది. జపాన్‌లో దాని అమ్మకమే నిషేధం. ఇక తల, కాలేయం, గుడ్లు, పేగులు ఏ కొత్త చేపవైనా ముట్టను, విషాలు ఎక్కువగా చేరేది అక్కడే. పఫర్ అయితే వండటానికి లైసెన్సు ఉన్నవాళ్ల దగ్గర తప్ప తినే ప్రశ్నే లేదు.

పేరు చెప్పలేకపోయినా, ఎప్పుడు పట్టారంటే తడబడినా అక్కడ అన్నం, కూర తిని లేస్తాను.

నిమ్మచెక్క:
నాకు రొయ్యలు పడవు, నోరు వాచిపోతుంది. మీరు బార్నకిల్స్ ఆకారం గురించే మాట్లాడుతున్నారు గానీ ఒక మాట ఎవరూ అనలేదు. అవి గుల్లల్లా కనిపించినా రొయ్య, పీతల వంశానివే. నాలాంటివాళ్లు ఆకారం చూసి ఇది వేరే జంతువులే అనుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. నేను ఏ ఊరు వెళ్లినా "నాకు రొయ్య, పీత జాతి పడదు" అని అక్కడి భాషలో రాయించిన కాగితం వంటవాళ్లకు చూపిస్తాను.

లివర్ జబ్బు ఉన్నవాళ్లను వెంట తీసుకెళ్తే పచ్చి ఆయిస్టర్లు వాళ్ల ముందు పెట్టనివ్వకండి. విబ్రియో అనే బ్యాక్టీరియా వాళ్లకు ప్రాణాంతకం కావచ్చు. నిమ్మరసం పిండితే, కారం సాస్ వేస్తే, పక్కన మందు తాగితే అది చచ్చిపోతుందనే మాట అబద్ధం. బాగా ఉడికిస్తేనే చస్తుంది.

వంటింటి మనిషి:
కాగితం ఆలోచన బాగుంది. అడగడం నేనూ ఒప్పుకుంటాను. కానీ భాష రాని చోట, అడిగినా జవాబు అర్థం కాని చోట నేను నా కంటి మాటే వింటాను. ఒక పూట తినకపోతే పోయేదేమీ లేదు.

సంచారి:
అందరివీ చదివాను. బస ఇచ్చేవాళ్లకు ఇప్పుడే రాశాను, బారకుడా బదులు పగడపు దిబ్బలకు దూరంగా లోతు సముద్రంలో పట్టిన చేప ఏదైనా ఉందా, దాన్ని పట్టినప్పటినుంచి ఐస్‌లోనే ఉంచుతారా అని. ఇంకా జవాబు రాలేదు. మా బృందంలో ఒకరికి పీత తింటే దద్దుర్లు వస్తాయి. పోయినేడాది ఆ ప్లేటులోంచి ఆయన కూడా నాలుగు తిన్నారు. ఇప్పుడే ఫోన్ చేసి చెప్పాను.