ఎంపీ గారికి అర్జీ ఇచ్చి ఏడాదయింది, పట్టాల కింది దారిలో నీళ్లు అలాగే ఉన్నాయి

గేటవతలి మాస్టారు:

మా ఊరికీ పొలాలకూ మధ్య రైలు పట్టాలున్నాయి. ఒకప్పుడు గేటు ఉండేది. దాన్ని తీసేసి పట్టాల కింద దారి తవ్వారు. వేసవిలో బాగానే ఉంటుంది. వాన పడితే మాత్రం అది దారి కాదు, దిగుడుబావి. కిందటి వానాకాలంలో మోటారు సైకిలు మీద దిగాను. సగం దూరం వెళ్లేసరికి నీళ్లు సైలెన్సరు దాటాయి, బండి ఆగిపోయింది. చెప్పులు హ్యాండిలుకు తగిలించి తోసుకుంటూ బయటపడ్డాను. నా సంగతి సరే, అలాంటి రోజుల్లో బడి పిల్లలు పట్టాల మీద నుంచే దాటుతున్నారు. నా భయమంతా అదే.

ఎంపీ గారిని రెండుసార్లు కలిశాం. అర్జీ తీసుకున్నారు, పక్కనున్న మనిషికి ఇచ్చారు, ఫోటో దిగారు. నెల తర్వాత "మీ అర్జీని సంబంధిత అధికారులకు పంపడమైనది" అని ఉత్తరం వచ్చింది. అంతే. పార్లమెంటు సభ్యుడు చేయగలిగింది ఇంతేనా, లేక మాకే అడగడం చేతకాలేదా? ఆయన నిధులతో నీళ్లు తోడే మోటారు పెట్టించలేరా?

నిత్యశంక:

మాస్టారూ, విప్ (ఎలా ఓటు వేయాలో పార్టీ ఇచ్చే ఆదేశం) జారీ అయితే చెప్పినట్టు చెయ్యెత్తే వాళ్లు మీ గుంట గురించి ఎవరిని నిలదీస్తారు? విప్ కాదంటే సభ్యత్వం పోయేలా 1985లో ఫిరాయింపుల చట్టం వచ్చాక సభ్యుడికి సొంత గొంతు ఎక్కడిది? ఆ ఉత్తరాన్ని ఫ్రేము కట్టించి గోడకు పెట్టుకోండి.

అర్జీల గుమస్తా:

శంక గారు సగమే చెప్పారు. విప్ ఓటు గురించి. ప్రశ్న అడగడానికి ఎవరి విప్పూ అక్కర్లేదు, అధికార పక్షం వాళ్లు కూడా అడుగుతారు.

నేను పదకొండేళ్లు ఒక ఎంపీ దగ్గర ఉత్తరాలు చూశాను. ఆయన ఇప్పుడు సభలో లేరు, నేనూ ఆ పనిలో లేను, కాబట్టి మీ అర్జీ ఎక్కడికి పోయి ఉంటుందో మొహమాటం లేకుండా చెబుతాను. సాయంత్రానికి నా ముందు మూడు కుప్పలు తయారయ్యేవి. అన్నిటికంటే ఎత్తైనది బదిలీలు, కాలేజీ సీట్లు, ఆసుపత్రి సిఫార్సులు. రెండోది పింఛన్లు, వీధి కాలువలు, పట్టాదారు పుస్తకాలు. అవి రాష్ట్రానివో పంచాయతీవో, ఎంపీ చేతిలోవి కావు. మూడోది రైళ్లు, తపాలా, జాతీయ రహదారులు. కేంద్రం జాబితాలోని ఈ పనులు ఆయన సభలో నేరుగా అడగగలిగినవి. విచిత్రం, ఆ కుప్పే అన్నిటికంటే చిన్నది. మూడింటికీ నేను పంపిన జవాబు మాత్రం ఒకటే. పేరూ తేదీ మార్చి "సంబంధిత అధికారులకు" అని. మీకు వచ్చిన ఉత్తరం చదువుతుంటే నా చేతిరాత చూసినట్టే ఉంది.

నిధుల మాట: 1993లో మొదలైన ఎంపీ నిధుల పథకం కింద ఇప్పుడు ఒక ఎంపీకి ఏడాదికి 5 కోట్ల రూపాయలు. ఆయన పనిని సిఫార్సు మాత్రమే చేస్తారు. మంజూరు చేసేదీ చేయించేదీ జిల్లా యంత్రాంగం. మోటారు పెట్టించారనే అనుకోండి, అర్ధరాత్రి వాన పడితే స్విచ్చి వేసేది ఎవరు? ఆ మనిషిని పెట్టాల్సింది దారి తవ్విన శాఖే.

అందుకే నా మాట, డబ్బు అడగకండి, ప్రశ్న అడిగించండి. లోక్‌సభలో ఒక రోజుకు నక్షత్రం గుర్తు ప్రశ్నలు 20, గుర్తు లేనివి 230 తీసుకుంటారు. గుర్తున్న వాటికి మంత్రి లేచి జవాబు చెప్పాలి, అనుబంధ ప్రశ్నలూ వేయవచ్చు. కానీ లాటరీలో రావాలి, వచ్చినా ప్రశ్నలకు కేటాయించిన గంటలో ఇరవయ్యో ప్రశ్న దాకా వెళ్లడం అరుదు. మీకు గుర్తు లేనిదే మేలు. రాతపూర్వకంగా జవాబు వస్తుంది, సభ రికార్డులో ఉండిపోతుంది. కనీసం 15 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి గనుక, సమావేశాలు మొదలయ్యాక కాదు, తేదీలు ప్రకటించగానే వెళ్లి కలవండి.

మా నియోజకవర్గంలోనూ ఇలాంటి గుంటే ఒకటుండేది. కుర్రతనంలో దాని మీద ప్రశ్న రాశాను: "ఈ మార్గాన్ని ఈత కొలనుగా ప్రకటించే ప్రతిపాదన ఏదైనా ప్రభుత్వం వద్ద ఉన్నదా?" మా సారు పగలబడి నవ్వి సంతకం పెట్టారు. అది తిరస్కరణకు గురైంది. ప్రశ్నలో వ్యంగ్యం, వాదన, నిందారోపణ ఉండరాదని లోక్‌సభ 41వ నియమం. 150 పదాలు దాటరాదు కూడా. నా ఒక్క చమత్కారానికి ఆ ఊరివాళ్లు ఒక సమావేశకాలం నష్టపోయారు.

తర్వాతిసారి బుద్ధిగా రాశాను. "విషయం పరిశీలనలో ఉన్నది" అని జవాబు వచ్చింది. ఊరివాళ్లు నీరసపడ్డారు. నాకు మాత్రం ప్రాణం లేచి వచ్చింది. ఎందుకంటే సభలో ఆ మాట హామీ కింద లెక్క. మంత్రుల హామీలను వెంబడించడానికి 1953 నుంచి లోక్‌సభలో ఒక కమిటీ ఉంది. మూడు నెలల్లో నెరవేర్చాలి, లేకపోతే శాఖ గడువు పొడిగించమని రాసుకోవాలి. బయట "చూస్తాంలే" అంటే పోయినట్టే, లోపల అంటే దానికి ఒక ఫైలు పుడుతుంది. మొదటి వానాకాలానికి ఏమీ రాలేదు. రెండో వానాకాలానికి పంపూ పక్క కాలువా వచ్చాయి. ప్రశ్న వల్లే వచ్చాయని ప్రమాణం చేయలేను.

నిత్యశంక:

ఆ చివరి వాక్యం ఒక్కటి నమ్ముతున్నాను. మాస్టారు ఊరందరి సంతకాలతో సభకే పిటిషను పెట్టవచ్చు కదా? దానికి ఎంపీతో పనేమిటి?

అర్జీల గుమస్తా:

పెట్టవచ్చు, దాని కోసం కమిటీ కూడా ఉంది. అయితే సభ్యుడి ద్వారా సభలో పెట్టిస్తే దాని మీదా ఆయన సంతకం కావాలి. అప్పుడు మళ్లీ ఆ ఎంపీ గారి వరండాకే వెళ్లాలి.

గేటవతలి మాస్టారు:

ఇన్నాళ్లూ ఎవరూ చెప్పని సంగతులు. మా అర్జీ మూడు పేజీలు. అందులో ఊరి చరిత్రే ఒక పేజీ ఉంది, నేనే రాశాను. ఇప్పుడు ఇలా మార్చాను, చూడండి:

"మా గ్రామం వద్ద పట్టాల కింది మార్గం అధికారుల నిర్లక్ష్యం వల్ల ప్రతి వానాకాలం మునిగిపోతున్న విషయం ప్రభుత్వానికి తెలుసా? తెలిస్తే దయచేసి వెంటనే చర్యలు తీసుకుంటారా?"

అర్జీల గుమస్తా:

"నిర్లక్ష్యం" తీసేయండి, అది నింద. "దయచేసి" కూడా వద్దు, సభలో సభ్యుడు దయ అడగడు. "ప్రతి వానాకాలం" అంటే "లేదు" అనే ఒక్క మాటతో తప్పించుకుంటారు. తేదీలు కావాలి. ఇలా రాయండి:

(ఎ) ఫలానా కిలోమీటరు వద్ద గల మార్గంలో గత రెండేళ్లలో నీరు నిలిచి రాకపోకలు ఆగిన రోజులెన్ని. (బి) నీటిని తోడేందుకు అక్కడ ఉన్న ఏర్పాట్ల వివరాలు. (సి) శాశ్వత కాలువ నిర్మాణానికి ప్రతిపాదన ఉంటే, అది ఏ దశలో ఉన్నది?

కిలోమీటరు సంఖ్య పట్టాల పక్కన రాయి మీదో స్తంభం మీదో ఉంటుంది, దూరం నుంచే చూసి రాసుకోండి. నీళ్లు నిలిచిన ప్రతిసారీ తేదీ, లోతు ఒక నోటు పుస్తకంలో ఎక్కించండి. జవాబులో రెండు రోజులని వస్తే, మీ దగ్గర ఇరవై ఉంటే, వచ్చే సమావేశాలకు రెండో ప్రశ్న సిద్ధమైనట్టే.

గేటవతలి మాస్టారు:

రేపే ఆ గోడ మీద అడుగుకొక గీత గీయిస్తాను. ఎర్ర రంగా, తెల్ల రంగా?

అర్జీల గుమస్తా:

గోడ మీద వద్దు మాస్టారూ, అది ప్రభుత్వ ఆస్తి. జవాబులో ముందు ఆ గీతల సంగతే వస్తుంది. ఒక కర్ర మీద గీసుకోండి.