సమస్యాపూరణం: మామ యనఁగఁ దల్లి మామ తండ్రి

సమస్య ఇచ్చినవారు, విశాఖపట్నం:
ఈసారి ఆటవెలది. నాలుగో పాదం ఇదీ:

మామ యనఁగఁ దల్లి మామ తండ్రి

ఇది నాకు చిన్నప్పుడే రామకృష్ణా బీచ్‌లో దొరికింది. సోవియట్ సహకారంతో ఇక్కడ ఉక్కు కర్మాగారం కడుతున్న 1980ల నాటి మాట. ఒక సాయంత్రం ఇద్దరు విదేశీ పిల్లలు ఇసుకగూళ్లు కడుతుంటే అల వచ్చి రెండింటినీ తుడిచేసింది. ఇద్దరూ "మామా!" అని ఏడుస్తూ పరుగెత్తారు. ఒకడు తల్లి గౌను పట్టుకున్నాడు, రెండోవాడు తండ్రి మోకాళ్లను చుట్టేశాడు. నా పక్కన వేరుశనగకాయలు ఒలుస్తున్న మా మేనమామ కూడా ఆ కేకకు తల తిప్పాడు. ఒక కుటుంబానిది రష్యా, మరొకరిది జార్జియా అని నాన్నగారు తరువాత చెప్పారు. జార్జియా భాషలో మామ అంటే తండ్రి, తల్లిని 'దెదా' అంటారు. ఒకే కేకకు ముగ్గురు పెద్దలు పలికిన ఆ క్షణం నన్ను ఇప్పటికీ వదల్లేదు.

పరభాషల దారిలోనే రావాలని నియమం లేదు. అర్థం కుదిరితే చాలు.

గాజువాక నుంచి ఒక మిత్రుడు:

రష్యబిడ్డ పిలుచు రాగాన నమ్మను
జార్జియాన శిశువు జనకుఁ బిలుచు
భాష మారెనేని బంధమే మారును
మామ యనఁగఁ దల్లి మామ తండ్రి

సమస్య ఇచ్చినవారు:
మొదటి పూరణే సూటిగా వచ్చింది, అభినందనలు. రెండు సవరణలు చూడండి. 'రాగాన' వ్యావహారికం, అరసున్నల మధ్య అది విడిగా కనిపిస్తోంది. 'రక్తితో నమ్మను' అంటే గణమూ యతీ చెడవు. రెండో పాదంలో 'పిలుచు' మళ్లీ వచ్చింది. 'జనకు నట్లె' అని ముగించండి.

సీతమ్మధార నుంచి ఒక అధ్యాపకురాలు:
మూడో పాదంతో నాకు పేచీ ఉంది. బంధం మారదండీ. ఆ ఇద్దరు పిల్లలూ కోరింది ఒకటే: ఎత్తుకునే చేతులు. మారింది మాటకున్న అర్థం. 'భావమే మారును' అనండి, యతి కూడా నిలుస్తుంది.

గాజువాక మిత్రుడు:
రెండు సవరణలూ తీసుకున్నాను. 'భావమే' కూడా రాసుకున్నాను, అమ్మా. మీరు చెప్పాక 'బంధమే' అబద్ధంగా వినిపిస్తోంది.

ఆంధ్ర విశ్వవిద్యాలయం నుంచి ఒక విద్యార్థిని:
ఇది నా తొలి పూరణ. తప్పులుంటే చెప్పండి.

చైనాదేశమందుఁ జిన్నారి కమ్మయే
తెలుగునాట మామ తెఱవ తండ్రి
ఓడ సాగుచుండ నొడ్డొడ్డు కొక తీరు
మామ యనఁగఁ దల్లి మామ తండ్రి

సమస్య ఇచ్చినవారు:
మూడో పాదం మన రేవు పట్నంలో పుట్టిన పాదం. దాన్ని ముట్టుకోను. మొదటి పాదంలో 'చైనా' రెండు గురువులు, సూర్యగణం కాదు. పైగా ఐకారానికి ఇకారంతో యతి చెల్లదు. 'చీనదేశమందు' అంటే రెండు దోషాలూ ఒకేసారి పోతాయి. చీనాంబరం అన్న మాటలో ఆ రూపం మనకు ఎప్పటినుంచో ఉన్నదే. ఇక 'తెఱవ తండ్రి' అంటే భార్య తండ్రి మాత్రమే. కోడలికి మామ ఎవరు?

విద్యార్థిని:
'మగని తండ్రి' అని రాయాలనే అనుకున్నానండీ, 'తెలుగు'తో యతి కుదరలేదు. పాదమంతా మార్చాను:

మనకు మామ యన్న మగని తండ్రి

సమస్య ఇచ్చినవారు:
భేష్! యతి కోసం మాట మార్చకుండా, మాట కోసం పాదం మార్చారు. ఇప్పుడు పద్యం మీదైంది.

భీమిలి నుంచి ఒక పెద్దాయన:
నాకు పరభాషలు రావు.

అమ్మ పోయినట్టి యా పసికందుకు
గోరుముద్ద పెట్టి కూర్మి పెంచె
కన్నవారి లోటు కనరాని రీతిగ
మామ యనఁగఁ దల్లి మామ తండ్రి

సమస్య ఇచ్చినవారు:
దీన్ని మూడుసార్లు చదివాను. పెంచింది ఎవరో నాలుగో పాదం దాకా చెప్పకపోవడంలోనే దీని బలమంతా ఉంది. 'కూర్మి పెంచె' అంటే ప్రేమను పెంచాడని కూడా అనిపిస్తుంది కనుక 'కూర్మిఁ బెంచె' అనండి, ప్రేమతో పెంచాడని తేలుతుంది. యతి, గో–కూ, చక్కగా పడింది. ఈ వారం నా ఓటు దీనికే. నేను ఊహించిన దారిని పూర్తిగా వదిలి, తెలుగు మామతోనే ఆ రెండు అర్థాలనూ పలికించారు.

సీతమ్మధార అధ్యాపకురాలు:
నా ఓటూ దానికే. అసలు ఈ మాట ఇన్ని చోట్ల ఎలా పుట్టిందన్న ప్రశ్నకు భాషావేత్త రోమన్ యాకోబ్సన్ ఇచ్చిన వివరణ చెప్పాలి. పాలు తాగే బిడ్డ నోరు మూసి ఉంటుంది కనుక ముక్కుతో మూలుగు వస్తుంది. ఆ 'మ్'కారమే పాలను, తరువాత తల్లిని గుర్తు చేసే ధ్వనిగా మారుతుందని ఆయన అన్నారు. మన ఇళ్లలో బిడ్డ 'మమ్మం' అంటే అన్నం అడిగినట్టే కదా. ధ్వని బిడ్డది, దాన్ని ఎవరికి కట్టాలో నిర్ణయించేది పెద్దలు. జార్జియాలో దాన్ని తండ్రికి కట్టారు, మనం మేనమామకు కట్టాం.

గాజువాక మిత్రుడు:
అయితే వచ్చే వారానికి నాదొక పాదం. జార్జియా వారి దగ్గరే దొరికింది:

పాప యనఁగఁ దాత పాప తండ్రి